లోకల్‌హోస్ట్ అంటే ఎవరి రూమ్?

ఈసారి ఈ-మ్యాగజైన్‌కి "ఏదైనా టెక్నికల్ టాపిక్ తెలుగులో రాయి" అన్నారు క్లబ్ వాళ్ళు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం నాది. తెలుగు పరీక్షలో తప్ప ఎప్పుడూ తెలుగులో రెండు పేజీలు రాసింది లేదు. తప్పులుంటే సర్దుకోండి.

సోనార్‌క్యూబ్ సర్వర్‌ని డాకర్‌లో ఎలా పెట్టుకోవాలో రాద్దామని కూర్చున్నా. సగం రాశాక అర్థమైంది, ఆ సర్వర్ గురించి నిజాయితీగా రాయాలంటే నేను చేసిన ఇంకో పని గురించి కూడా రాయాలని. అందుకే ముందు నా ప్రాజెక్ట్ పార్ట్‌నర్‌ని అడిగా. "రాసుకో రా, నా పేరు మాత్రం పెట్టకు" అన్నాడు. కాబట్టి ఇందులో వాడు "మావాడు". అంతే.

మా మినీ ప్రాజెక్ట్ హాస్టల్ మెస్ బిల్లు. పైథాన్, ఫ్లాస్క్. ఎవరు ఎన్ని రోజులు తిన్నారు, ఎన్ని రోజులు ఇంటికెళ్ళారు, నెలాఖరుకి ఎంత కట్టాలి. ముందే చెప్పి మూడు రోజులకి మించి ఊరెళితే ఆ రోజుల డబ్బు తగ్గించాలని రూల్ పెట్టుకున్నాం. ఆ తగ్గింపు లెక్క మొదట రాసింది మావాడు. వాడు పదో తరగతి దాకా ఊళ్ళో గవర్నమెంట్ స్కూల్, తెలుగు మీడియం. కోడ్‌లో పేర్లు కూడా ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగే పెడతాడు. ఫంక్షన్ పేరు "బాకీ లెక్క". వేరియబుల్స్ "తిన్న రోజులు", "సెలవు", "మిగులు".

నేను చూసి నవ్వా. "ఇది కోడా, కిరాణా కొట్టు ఖాతా పుస్తకమా?" అన్నా. రూమ్‌లో ఉన్న ఇంకో ఇద్దరూ నవ్వారు. వాడూ నవ్వాడు. ఆ రాత్రి నేనే కూర్చుని వాడి ఫంక్షన్ తీసేసి, "కాలిక్యులేట్ రిబేట్" అని నా ఇంగ్లీష్‌లో కొత్తది రాశా. డెమోలో మేడమ్ ముందు పరువు పోకూడదు కదా అని.

ఫస్ట్ రివ్యూలో మేడమ్ శాంపిల్‌గా ఒక స్టూడెంట్‌కి ఏడు రోజుల సెలవు ఎంటర్ చేశారు. బిల్లు 30 రోజులకీ వచ్చింది. "ఇదేంటి? తగ్గలేదే?" అన్నారు. నా నోట్లోంచి వెంటనే వచ్చేసింది, మంచి ఇంగ్లీష్‌లో: ఆ మాడ్యూల్ తను చూశాడు మేడమ్, మెర్జ్ చేసేటప్పుడు ఏదో ఇష్యూ అయ్యుంటుంది, ఫిక్స్ చేస్తాం. మావాడు పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు. మేడమ్ పుస్తకంలో ఏదో రాసుకున్నారు. నాకు 20కి 18, వాడికి 14 వచ్చాయి.

ఆ క్షణంలో నేను కావాలని అబద్ధం ఆడలేదు. తప్పు నాదని నాకు ఖచ్చితంగా తెలీదు. కానీ తర్వాత చెక్ చెయ్యలేదు. చెక్ చేస్తే తెలిసిపోతుందని చెయ్యలేదు. ఈ రెండో మాట ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

సెకండ్ రివ్యూకి మేడమ్ ఒక షరతు పెట్టారు. కోడ్ క్వాలిటీ రిపోర్ట్ ఉండాలి. పైగా శాంపిల్ డేటాలో పిల్లల రోల్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి కాబట్టి కోడ్‌ని బయటి వెబ్‌సైట్‌లో దేంట్లోనూ పెట్టకూడదు. అంటే సర్వర్ మనమే నడుపుకోవాలి. ల్యాబ్‌లో ఒక మూల 8 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నా. "సెటప్ నేను చూసుకుంటా, నువ్వు డాక్యుమెంటేషన్ రాయి" అని మావాడికి చెప్పా. పని పంచుకున్నట్టే ఉంది కదా? ఎవరి కోడ్‌లో ఏముందో ముందు నేనొక్కడినే చూడాలని నా ఉద్దేశం.

తెలియని వాళ్ళకి: సోనార్‌క్యూబ్ మన ప్రోగ్రామ్‌ని రన్ చెయ్యదు. చదువుతుంది. చదివి ఇక్కడ బగ్ ఉంది, ఇక్కడ సెక్యూరిటీ సమస్య ఉంది, ఈ ఫంక్షన్ మనిషి చదివేలా లేదు అని లిస్ట్ ఇస్తుంది. ఏ నుంచి ఇ వరకు గ్రేడ్లు వేస్తుంది. కమ్యూనిటీ బిల్డ్ ఫ్రీ.

డాకర్‌లో దీనికి రెండు కంటైనర్లు కావాలి. ఒకటి సోనార్‌క్యూబ్, ఇంకోటి దాని డేటాబేస్, పోస్ట్‌గ్రెస్. లోపలే చిన్న డేటాబేస్ ఒకటి ఇస్తారు గానీ అది ఊరికే చూసుకోవడానికే. కంపోజ్ ఫైల్‌లో రెండిటి వివరాలూ రాసి "డాకర్ కంపోజ్ అప్" కొట్టా. కాసేపు లాగ్స్ పరుగులు పెట్టాయి, తర్వాత సోనార్‌క్యూబ్ చచ్చిపోయింది.

మొదటి గుంట ఇదే, అందరూ పడేది. సోనార్‌క్యూబ్ లోపల సెర్చ్ కోసం ఎలాస్టిక్‌సెర్చ్ ఉంటుంది. అది ఫైళ్ళని మెమరీలోకి మ్యాప్ చేసి వాడుకుంటుంది. ఒక ప్రాసెస్ ఇలాంటి మ్యాప్‌లు ఎన్ని పెట్టుకోవచ్చో లినక్స్ కెర్నల్‌లో ఒక లిమిట్ ఉంటుంది, దాని పేరు మ్యాక్స్ మ్యాప్ కౌంట్. మా మెషీన్‌లో అది 65530. లాగ్‌లో కనీసం 262144 కావాలని ఉంది. డాక్యుమెంటేషన్‌లో 524288 పెట్టమని ఉంది. నేను గంటసేపు కంటైనర్ లోపల మారుద్దామని కుస్తీ పట్టా. అవ్వదు. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు, అన్నీ కింద ఉన్న మెషీన్ కెర్నల్‌నే పంచుకుంటాయి. హాస్టల్లో ఎవరి రూమ్ వాళ్ళదే గానీ నీళ్ళ ట్యాంక్ పైన ఒక్కటే ఉన్నట్టు. ట్యాంక్ దగ్గరికెళ్ళి మార్చాలి. అంటే అసలు మెషీన్ మీద సిస్‌సీటీఎల్ కమాండ్‌తో. మార్చా, పని చేసింది. సాయంత్రం కరెంట్ పోయి మెషీన్ రీస్టార్ట్ అయ్యాక మళ్ళీ చచ్చింది. కమాండ్‌తో పెట్టింది రీబూట్ దాకానే ఉంటుంది, ఎప్పటికీ ఉండాలంటే సిస్‌సీటీఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో కూడా రాయాలి.

రెండో గుంట లోకల్‌హోస్ట్. డేటాబేస్ అడ్రస్ దగ్గర లోకల్‌హోస్ట్, పోర్ట్ 5432 అని రాశా. రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నాయి కదా, దొరకాలి కదా? దొరకలేదు. కంటైనర్ లోపల నుంచుని లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. 204లో ఉన్నవాడు "మా రూమ్‌కి రా" అంటే 204కే వెళ్తాం, 207కి కాదు. పక్క రూమ్‌కి వెళ్ళాలంటే దాని నంబర్ చెప్పాలి. కంపోజ్ ఫైల్‌లో డేటాబేస్ సర్వీస్‌కి ఏ పేరు పెడితే ఆ పేరే దాని రూమ్ నంబర్. మార్చాక లాగ్‌లో "సోనార్‌క్యూబ్ ఈజ్ ఆపరేషనల్" అని వచ్చింది. బ్రౌజర్‌లో 9000 పోర్ట్ తెరిచి, అడ్మిన్ అడ్మిన్ అని లాగిన్ అయితే ముందు పాస్‌వర్డ్ మార్చమంది. రాత్రి పదకొండు అయింది. ఒక్కడినే ఉన్నా గానీ చప్పట్లు కొట్టా.

కోడ్‌ని చదివి సర్వర్‌కి పంపే ప్రోగ్రామ్‌ని స్కానర్ అంటారు. దాన్ని కూడా కంటైనర్‌గానే నడిపా. సర్వర్ అడ్రస్ ఏం రాశానో తెలుసా? లోకల్‌హోస్ట్. ఒకే గుంటలో రెండోసారి. సరిచేసి, టోకెన్ తయారు చేసి ఇచ్చి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ప్రాజెక్ట్ జిప్ విప్పి స్కాన్ చేశా.

పెద్ద ఆకుపచ్చ అక్షరాల్లో "పాస్డ్" అని వచ్చింది.

ఆ ఆకుపచ్చ చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు, నేనూ ఆగేవాడినే. సోనార్‌క్యూబ్‌లో దాటాల్సిన గేట్ ఒకటి ఉంటుంది. మామూలుగా వచ్చే గేట్ కొత్త కోడ్‌ని మాత్రమే చూస్తుంది. కొత్త కోడ్‌లో ఇష్యూ ఉండకూడదు, టెస్ట్ కవరేజ్ 80 శాతానికి తగ్గకూడదు, కాపీ పేస్ట్ 3 శాతానికి మించకూడదు, సెక్యూరిటీ హాట్‌స్పాట్లన్నీ మనం చూసి ఉండాలి. మొదటిసారి స్కాన్ చేసినప్పుడు కొత్త కోడ్ అంటూ ఏమీ ఉండదు. ఉన్నదంతా పాతదే. అందుకే పాస్. పాత తప్పులన్నీ ఒక్కరోజులో దిద్దలేరు, ఇవాళ్టి నుంచి రాసేదైనా శుభ్రంగా రాయండి అని వాళ్ళ ఆలోచన. కంపెనీలకి అది సరైన పద్ధతే అనుకుంటా. నాకు ఆ రాత్రి అది మరీ సౌకర్యంగా ఉంది.

పక్క ట్యాబ్‌లో మొత్తం కోడ్ లెక్క ఉంది. రిలయబిలిటీ సి. నొక్కితే బగ్ కనిపించింది. ఇఫ్‌లోనూ ఎల్స్‌లోనూ ఒకే కోడ్ ఉందని. సెలవు మూడు రోజులు మించితే ఏం చెయ్యాలో, మించకపోతే ఏం చెయ్యాలో, రెండు చోట్లా అవే మూడు లైన్లు. కాపీ చేసి పేస్ట్ చేసి, కిందది మార్చడం మర్చిపోయారు ఎవరో.

"ఎవరో" అనే అనుకున్నా. ఫంక్షన్ పేరు "కాలిక్యులేట్ రిబేట్" అని పైనే ఉంది. అయినా సరే, ఆ మూడు లైన్లు మావాడు తర్వాత ముట్టుకుని ఉండొచ్చు కదా అని మనసు పీకుతోంది. స్కాన్‌లో పేర్లు రాలేదు, ఎందుకంటే జిప్‌లో డాట్ గిట్ ఫోల్డర్ లేదు. ఆ ఫోల్డర్ ఉంటే సోనార్‌క్యూబ్ గిట్ బ్లేమ్ చదివి ఏ లైన్ ఎవరు రాశారో ప్రతి ఇష్యూ పక్కన పెడుతుంది. అసలు రిపోని తెచ్చి మళ్ళీ స్కాన్ చేశా.

ఆథర్ దగ్గర నా మెయిల్ ఐడీ ఉంది.

ఆ ఒక్కటే కాదు. ఆ ఫంక్షన్ కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ 31, ఉండాల్సింది 15 లోపు. ఇఫ్‌లో ఇఫ్, దానిలో ఫర్, దానిలో ఇఫ్. అదీ నాదే. పైథాన్‌లో పేర్లు చిన్న అక్షరాలతో, మధ్యలో అండర్‌స్కోర్‌తో ఉండాలి. నేను జావా అలవాటుతో మధ్యమధ్య పెద్ద అక్షరాలు పెట్టా. అలాంటి పేర్లన్నిటినీ మార్చమంది. మావాడి మిగతా ఫంక్షన్లలో తెలుగు పేర్లు ఒక్కదాన్నీ ఏమీ అనలేదు. దానికి పేరు ఏ భాషో తెలీదు, పేరు కట్టు సరిగ్గా ఉందా లేదా అనేదే చూస్తుంది.

గిట్‌లో వెనక్కి వెళ్ళి, నేను తీసేసిన "బాకీ లెక్క"ని బయటికి తీశా. పదకొండు లైన్లు. ఏడు రోజుల సెలవు ఇచ్చి రన్ చేశా. 23 రోజుల బిల్లు వచ్చింది. సరిగ్గా.

అంటే నేను పని చేస్తున్న కోడ్ తీసి, పని చెయ్యని కోడ్ పెట్టి, పని చెయ్యడం లేదని మేడమ్ అడిగితే వాడి పేరు చెప్పా.

ఈ తర్వాతి భాగం మూడో గుంట గురించి. కంపోజ్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ అందరికీ కనిపించేలా రాసేశా. మనసు బాగోక ఏదో ఒక పని చెయ్యాలని, దాన్ని మార్చి వేరే ఫైల్‌లో పెట్టా. సర్వర్ లేవలేదు, పాస్‌వర్డ్ తప్పంది. పోస్ట్‌గ్రెస్ కంటైనర్ ఆ పాస్‌వర్డ్‌ని మొదటిసారి, డేటా ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే తీసుకుంటుంది. తర్వాత ఫైల్‌లో మార్చినా లోపల పాతదే ఉంటుంది. డేటాబేస్ లోపలికి వెళ్ళి మార్చాలి. నాకది తెలీదు. వెతికితే ఎవరో "డాకర్ కంపోజ్ డౌన్" కొట్టి చివర మైనస్ వి పెట్టండి అన్నారు. పెట్టా.

డౌన్ అంటే రూమ్ ఖాళీ చెయ్యడం. మన ట్రంకు పెట్టె స్టోర్ రూమ్‌లో అలాగే ఉంటుంది, తిరిగొచ్చి తెచ్చుకోవచ్చు. ఆ పెట్టే వాల్యూమ్. మైనస్ వి అంటే పెట్టెని కూడా పారెయ్యమని. పారేసింది. ప్రాజెక్ట్, రెండు స్కాన్లు, గ్రేడ్లు, నా మెయిల్ ఐడీ, అన్నీ పోయాయి.

నిజం చెప్తున్నా, నాకు ముందు బాధ కలగలేదు. హాయిగా అనిపించింది.

మళ్ళీ అన్నీ లేపా. ఈసారి పది నిమిషాలే పట్టింది. రిపో పక్కనే ఉంది, జిప్ కూడా పక్కనే ఉంది. నేను జిప్‌ని స్కాన్ చేశా. పేర్లు లేని రిపోర్ట్. "పాస్డ్" అని ఆకుపచ్చగా. మేడమ్ అడిగింది రిపోర్టే, పేర్లు కాదు. బగ్ నేను ఫిక్స్ చేసేస్తా, ప్రాజెక్ట్ బాగుపడుతుంది, ఎవరికీ నష్టం లేదు. ఇలా లెక్కలు వేసుకుంటూ స్క్రీన్‌షాట్లు తీసుకుంటుంటే మావాడు రెండు టీలు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చాడు.

కుర్చీ లాక్కుని స్క్రీన్ చూశాడు. వాడు చదివే పద్ధతి నాకు తెలుసు, పైనుంచి కిందికి, నిదానంగా. "డాట్ గిట్ లేకుండా చేశావేంటి? ఇలా అయితే ఎవరు రాశారో రాదు కదా" అన్నాడు. నేను టీ తాగుతున్నట్టు నటిస్తున్నా. ఇంకో నిమిషం చూసి, "సరేలే. అలాగే ఉంచు. మేడమ్‌కి ఇది చాలు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది నాకు.

"నీకు తెలుసా?" అన్నా.

"ఏంటి, ఆ ఫంక్షన్ నాది కాదనా? నాది కాదని నాకు తెలీదా రా?"

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. టీ కప్పు కీబోర్డ్‌కి దూరంగా జరిపాడు. "చెబుదామనే అనుకున్నా. మేడమ్ ఇంగ్లీష్‌లో అడిగారు కదా. నేను లోపల తెలుగులో అనుకుని, ఇంగ్లీష్‌లోకి మార్చుకుని, గ్రామర్ చూసుకుని నోరు తెరిచేలోపు నువ్వు చెప్పేశావు. ఆ తర్వాత చెప్తే నీ మీద చాడీ చెప్పినట్టు ఉంటుంది. వదిలేశా" అన్నాడు.

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు, బస్సు మిస్ అయిందని చెప్పినట్టు.

నేను "సారీ రా" అన్నా. వాడు "సారీ ఎందుకులే, ముందు ఆ ఇఫ్ సరిచెయ్" అన్నాడు. సరిచెయ్యలేదు. నా ఫంక్షన్ మొత్తం తీసేసి "బాకీ లెక్క"ని తిరిగి పెట్టా. ముందు అసలు రిపోని, డాట్ గిట్‌తో సహా, ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేసి ఆ రిపోర్ట్ దాచా. తర్వాత మార్చిన కోడ్‌ని స్కాన్ చేశా. రిలయబిలిటీ ఏ.

మర్నాడు పొద్దున మేడమ్ దగ్గరికి రెండు రిపోర్టులూ తీసుకెళ్ళా. మొదటి దానిలో ఆథర్ పేరు చూపించి, ఫస్ట్ రివ్యూలో చెప్పింది తప్పని చెప్పా. ఈ ఒక్క మాటని రాత్రంతా ఇంగ్లీష్‌లో ప్రాక్టీస్ చేసుకున్నా. అక్కడ నిలబడితే అదే రాలేదు, తెలుగులోనే చెప్పా. మేడమ్ చాలాసేపు పేపర్ చూశారు. "ఫస్ట్ రివ్యూ మార్కులు అప్‌లోడ్ అయిపోయాయి. ఇప్పుడు మార్చడానికి లేదు" అన్నారు. కొంచెం ఆగి, "సెకండ్ రివ్యూలో ఆ మాడ్యూల్ అతన్నే ఎక్స్‌ప్లెయిన్ చెయ్యమను. నువ్వు మధ్యలో మాట్లాడకు" అన్నారు.

అంటే ఆ 14 అలాగే ఉంది. ఇది నేను రాసినంత మాత్రాన మారదు.

ప్రోగ్రామింగ్‌లో టెక్నికల్ డెట్ అనే మాట మీరు వినే ఉంటారు. ఇప్పుడు తొందరపడి రాస్తే తర్వాత వడ్డీతో కట్టాల్సి వస్తుందని. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ ఈ పోలిక తెచ్చారు, ఆయన అప్పుడు డబ్బు లెక్కల సాఫ్ట్‌వేర్ మీదే పని చేస్తున్నారు. సోనార్‌క్యూబ్ కూడా ప్రతి ఇష్యూ పక్కన, ఇది సరిచెయ్యడానికి ఇన్ని నిమిషాలు పడుతుందని ఒక అంచనా వేస్తుంది. అదంతా కూడి మన అప్పు ఇంత అని చూపిస్తుంది. ఇంగ్లీష్‌లో డెట్ అంటే గొప్ప కాన్సెప్ట్ అని నోట్స్ రాసుకున్నవాడిని, మావాడు బాకీ అంటే నవ్వా.

సెకండ్ రివ్యూలో వాడు ఎక్స్‌ప్లెయిన్ చేశాడు. సగం ఇంగ్లీష్, సగం తెలుగు, మధ్యమధ్య ఆగుతూ. నాకు రెండుసార్లు నోటిదాకా వచ్చింది, ఆపుకున్నా. వాడు ఆగిన చోట మేడమ్ కూడా ఆగారు. స్క్రీన్ మీద ఫంక్షన్ పేరు దగ్గరికి రాగానే వాడు "మేడమ్, బాకీ మీన్స్..." అని మొదలుపెట్టాడు. "తెలుసయ్యా, మాదీ తెలుగే. లెక్క చెప్పు" అన్నారు మేడమ్.

జూనియర్స్ ఎవరైనా ఈ సర్వర్ పెట్టుకోవాలనుకుంటే గుర్తుంచుకోవాల్సినవి ఇవి. మ్యాక్స్ మ్యాప్ కౌంట్ ముందే మార్చుకోండి, రీబూట్ తర్వాత కూడా ఉండేలా. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అని రాసేముందు అది ఎవరి రూమో ఆలోచించండి. డౌన్ పక్కన మైనస్ వి చూస్తే చెయ్యి కీబోర్డ్ మీంచి తియ్యండి. మొదటి స్కాన్‌లో వచ్చే ఆకుపచ్చని నమ్మకండి, పక్క ట్యాబ్ చూడండి. స్కాన్ చేసేటప్పుడు డాట్ గిట్ ఫోల్డర్ ఉందో లేదో చూసుకోండి.

మా సర్వర్ ఇప్పటికీ ల్యాబ్ మూలలో నడుస్తోంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మావాడి దగ్గర ఉంది.